జబ్బు లేనివారికి కౌన్సెలింగ్‌తో పనేమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీకు ముప్పై రెండేళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇటీవలే టీమ్ లీడ్ అయ్యారు. ఇంట్లో భార్య, బడికి వెళ్లే పాప. నిద్ర పడుతోంది, ఆకలి వేస్తోంది, ఆఫీసు పని ఆగడం లేదు. అయితే ఎవరు ఏమడిగినా కాదనలేరు. బంధువుల ద్వారా వచ్చిన ఒకరికి ఇచ్చిన అప్పు ఇంతవరకు తిరిగి రాలేదు. ఆఫీసులో పక్కవారి పని కూడా మీ నెత్తిమీదికే వస్తోంది. ఆ విసుగంతా రాత్రిపూట ఇంట్లో కోపమై బయటపడుతోంది. "నాకు జబ్బేమీ లేదు కదా, కౌన్సెలింగ్‌కు వెళితే ఏమి ఒరుగుతుంది? స్నేహితుడితో టీ తాగుతూ మాట్లాడుకుంటే చాలదా? డబ్బు దండగ కాదా?" అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా ఇదే వృత్తిలో ఉన్నాను. కాబట్టి నా మాటల్లో వృత్తి మీద మమకారం కొంత ఉంటుంది, ఆ మేరకు తగ్గించి చదువుకోండి. కౌన్సెలింగ్ మీలాంటివారికి బాగానే పనికివస్తుంది. ఎందుకు పనికివస్తుందన్నది మాత్రం సాధారణంగా అనుకునేదానికి భిన్నంగా ఉంటుంది.

మన ఇళ్లలో సలహాకు ఏనాడూ కరువు లేదు. పెళ్లి, ఇల్లు, పాప చదువు, కాలి నొప్పి, ఏ విషయమైనా ఎత్తి చూడండి, పెద్దనాన్న నుంచి పై ఫ్లాటు రిటైర్డ్ హెడ్మాస్టరు దాకా అందరి దగ్గరా సమాధానం సిద్ధంగా ఉంటుంది. కరువు ఉన్నది వేరేచోట. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా తనకు లాభమూ నష్టమూ లేని మనిషి దొరకడం కష్టం. ఆ అప్పు ఇవ్వొద్దని అమ్మ అన్నదంటే ఆమెకు మీ అత్తవారి వైపు ఏదో పాత గుర్రు ఉండవచ్చు. ఇవ్వమని భార్య అన్నదంటే అందులో పుట్టింటి పరువు ఉంటుంది. ఉద్యోగం మారవద్దని చెప్పే సహోద్యోగికి మీరు వెళ్లిపోతే పని పెరుగుతుంది. వీళ్లెవరూ మీ చెడు కోరేవారు కారు. కాకపోతే వాళ్లు కోరే మీ మేలులో వాళ్లకూ ఒక వాటా ఉంది. కౌన్సెలర్ వాటా ఫీజు వరకే. మీరు ఉద్యోగం మానినా, మానకపోయినా ఆ ఫీజు మారదు.

స్నేహితుడి సంగతికి వద్దాం. స్నేహితుడిని నేను తక్కువ చేయను. ఒక పాడు రోజు గడిచాక గుండె బరువు దించుకోవడానికి పాత స్నేహితుడిని మించిన వైద్యం లేదు. ఆ పని కోసం నా దగ్గరకు వచ్చేవారికి అదే చెప్పి పంపిస్తాను. కానీ స్నేహంలో ఒక న్యాయం ఉంది, మీరు పది నిమిషాలు చెబితే అతడిదీ పది నిమిషాలు వినాలి. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, అతడు మీ పక్షం వహిస్తాడు. "నీ మేనేజరు అలాంటివాడే, వదిలెయ్" అంటాడు. వినడానికి హాయిగా ఉంటుంది. ఇలా ఏడాదిపాటు హాయిగా మాట్లాడుకుని, ఆ ఏడాది తర్వాత కూడా అదే మేనేజరు గురించి అవే వాక్యాలు చెప్పుకుంటున్న జంటలను చాలా చూశాను. మీరు నాలుగోసారి అదే కథ చెబుతున్నప్పుడు, "ఇందులో ప్రతిసారీ ఒక చోటికి వచ్చేసరికి మీరు మౌనంగా ఉండిపోతున్నారు, అక్కడ ఏమి జరుగుతోంది?" అని అడగడం స్నేహితుడి పని కాదు. అలా అడిగితే టీ చల్లారిపోతుంది.

జబ్బు లేదు కదా అన్న మీ మాట వెనక భయం కూడా కొంత ఉందని నా అనుమానం. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ పేరును, విశాఖలో వాల్తేరు ఆసుపత్రి పేరును మనవాళ్లు ఎగతాళికి ఎంతగా వాడారంటే, మనసు గురించి ఎవరితోనైనా మాట్లాడటమంటే ఆ గేటు దాటడమేనని చాలామంది అనుకుంటారు. అక్కడ జరిగేది విలువైన వైద్యం, అది వేరే విషయం. నిజానికి కౌన్సెలింగ్ పుట్టిన చోటు ఆసుపత్రి కాదు. 1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన, ఇంజనీరింగ్ చదివి తర్వాత లాయరైన మనిషి, ఏ పనిలో చేరాలో తేల్చుకోలేని యువకుల కోసం ఒక కేంద్రం తెరిచాడు. ఆయన పద్ధతి మూడు ముక్కల్లో చెప్పవచ్చు. ముందు నీ గురించి నీవు తెలుసుకో, ఆ పని గురించి తెలుసుకో, తర్వాత రెండింటికీ పొంతన ఉందో లేదో నీవే తేల్చుకో. రోగుల ప్రసక్తే లేదు. 1940లలో కార్ల్ రోజర్స్ వచ్చి ఈ వృత్తి బరువును సలహా ఇవ్వడం నుంచి వినడం వైపు మళ్లించాడు. ఎదుటివారిని తూకం వేయకుండా అంగీకరించడం, వారి కళ్లతో చూడటం, కౌన్సెలర్ తాను నటించకుండా ఉండటం, ఇవి ఉంటే మనిషి తనంతట తానే కదులుతాడని ఆయన వాదన. అవి ఉంటే చాలా, ఇంకేమైనా కావాలా అన్నదానిమీద తర్వాతివాళ్లు బాగా పోట్లాడుకున్నారు. అవి లేకపోతే కుదరదన్నదాన్ని మాత్రం కొట్టిపారేసినవారు తక్కువ.

పార్సన్స్ ప్రశ్న మన దగ్గర ఈ రోజుకీ సజీవంగా ఉంది. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ గదులు తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్న కుర్రవాళ్లను చూడండి. "ఇంకో నోటిఫికేషన్‌కు ఆగాలా, దొరికిన ప్రైవేటు ఉద్యోగంలో చేరాలా?" అని వచ్చేవారు కొందరు ఉంటారు. చేరమనీ చెప్పను, ఆగమనీ చెప్పను. "ఏ తేదీ వరకు ఆగుతారు? ఆ తేదీ నాటికి ఏమి జరగకపోతే ఆపేస్తారు? ఆపేశారన్న సంగతి ముందుగా ఎవరికి చెప్పాలంటే భయం?" అని అడుగుతాను. చాలాసార్లు అసలు ముడి మూడో ప్రశ్నలోనే ఉంటుంది. పరీక్ష మీద ఆశ ఎప్పుడో సన్నగిల్లినా, పొలం తాకట్టు పెట్టిన నాన్నకు ఆ మాట చెప్పలేక మరో ఏడాది చదువుతున్నవారు ఉంటారు. ఆ సంగతి బయటికి వచ్చాక మాట్లాడాల్సింది నాన్నతో ఎలా మాట్లాడాలన్నదాని గురించే. నోటిఫికేషన్ పక్కకు పోతుంది.

ఇప్పుడు మీ కోపం దగ్గరికి వస్తాను. కౌన్సెలింగ్ గదిలో ఏమి జరుగుతుందో బయటివారికి సరిగ్గా తెలియదు, కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను. ఇక్కడి ఉదాహరణలు ఏ ఒక్కరివీ కావు, పలువురి అనుభవాలను కలిపి మార్చి చెబుతున్నవి.

కోపం గురించి చెప్పమంటే ఎవరైనా ముందు స్వభావం గురించి చెబుతారు. "మా నాన్నా ఇంతే, మా వంశమే అంత." అక్కడ ఆగితే చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే మొదటి వారానికి ఒకే పని ఇస్తాను. కోపం వచ్చిన రోజు పడుకునే ముందు నాలుగు సంగతులు రాయాలి. ఎన్నింటికి వచ్చింది, దానికి ముందు పావుగంటలో ఏమి జరిగింది, ఆ క్షణంలో మనసులో మెదిలిన వాక్యం ఏమిటి, ఒంట్లో ఎక్కడ తెలిసింది. మీలాంటి ఉద్యోగి ఒకరు వారం తర్వాత కాగితం తెచ్చారనుకోండి. చూస్తే కోపం వచ్చిన రోజులన్నీ సాయంత్రం అమెరికా క్లయింటుతో కాల్ ఉన్న రోజులే. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న భోజనం, తర్వాత రాత్రి తొమ్మిదిన్నర దాకా టీలే. కాల్ ముగిసే సమయమూ పాప చేత హోంవర్కు చేయించే సమయమూ ఒకటే. మనసులో మెదిలిన వాక్యం, "నా మాటను ఎవరూ లెక్కచేయరు." పాప తొమ్మిదో ఎక్కం తప్పు చెప్పినందుకు ఆ వాక్యం పుట్టదు. అరగంట ముందు కాల్‌లో మేనేజరు తన మాటకు అడ్డం పడినప్పుడు పుట్టింది. అక్కడ మింగేశారు, ఇక్కడ కక్కారు.

ఇలా క్షణంలో మెదిలి మాయమయ్యే వాక్యాలను పట్టుకుని పరీక్షించడం 1960లలో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ డిప్రెషన్ రోగులతో మొదలుపెట్టిన పద్ధతి. జబ్బులేని కోపానికి కూడా అది బాగా పనిచేస్తుంది. "ఎవరూ అంటే ఎవరెవరు? నిన్న మీ మాట ఎవరైనా విన్నారా? మీ టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మీరు చెప్పినట్టే చేసిందన్నారు కదా, ఆమె లెక్కలోకి రాదా?" ఇలా అడుగుతూ పోతే "ఎవరూ" అన్నది మెల్లగా "ఆ మేనేజరు, సోమ గురువారాల్లో" అన్నంతకు కుదించుకుంటుంది. ఎవరూ లెక్కచేయకపోవడాన్ని సరిచేయడం ఎవరి తరమూ కాదు. సోమ గురువారాల మేనేజరు సంగతి చూడవచ్చు. ఇక మిగిలినవి మామూలు ఏర్పాట్లే. కాల్‌కు ముందు ఏదైనా తినడం, కాల్ అయ్యాక వెంటనే పాప దగ్గరకు పోకుండా పది నిమిషాలు సెల్లార్‌లో నడవడం, ఆ రెండు రోజులు హోంవర్కు బాధ్యత భార్యకు అప్పగించి మిగతా రోజులు తాను తీసుకోవడం. ఇవన్నీ ఎవరైనా చెప్పగల చిట్కాలే కదా అంటే, అవును. కాకపోతే ఆ కాగితం లేకుండా ఇవే చెబితే మీరు విని తలాడించి వెళ్లిపోయేవారు. మీ చేతిరాతలోనే కారణం కనబడితే దులిపేసుకోవడం కష్టం.

ఇంత చేసినా కోపం పూర్తిగా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తగ్గుతుంది, త్వరగా గుర్తుపట్టగలుగుతారు, అరిచిన తర్వాత పాప దగ్గరకు వెళ్లి "నాన్నది తప్పు" అనగలుగుతారు. ఇంట్లో వాతావరణం మారడానికి ఆ చివరిదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

కాదనలేకపోవడం మరికాస్త లోతైన వ్యవహారం. మొహమాటం అన్నది మన సమాజంలో సద్గుణాల జాబితాలో ఉంది. ఎవరూ దాన్ని రోగమనరు, అనకూడదు కూడా. హైదరాబాద్‌లో కాపురం ఉన్న ప్రతి మధ్యతరగతి కుటుంబానికీ తెలిసిన విషయం చెబుతాను. ఊళ్లో ఎవరికి పెద్దాసుపత్రి అవసరం వచ్చినా బస మన ఇంట్లోనే. ఒక ఉపాధ్యాయురాలు, రెండు గదుల ఇల్లు, ఇంటర్ చదువుతున్న కొడుకు, ఏడాదిలో సగం రోజులు ఎవరో ఒకరు. "నేను చెడ్డదాన్ని కాకుండా కాదనడం ఎలాగో చెప్పండి" అంటారామె. ఇక్కడ తొందరపడి వాక్యాలు నేర్పిస్తే పని జరగదు. ముందు అడగాల్సింది, "కాదంటే ఏమవుతుందని మీ భయం?" అని. మొదట వచ్చే సమాధానం, "బాధపడతారు." కాస్త ఆగితే రెండోది వస్తుంది, "ఊళ్లో ఉన్న మా అమ్మను నాలుగు మాటలంటారు." అదీ అసలు సంగతి. ఆమె భయం చుట్టాల గురించి కాదు, ఆ చుట్టాల మధ్య బతుకుతున్న తల్లి గురించి. కాబట్టి మొదటి ఫోను చుట్టాలకు చేయకూడదు, తల్లికి చేయాలి. చేస్తే ఆ తల్లి, "నన్ను అనేవాళ్లు ఎలాగూ అంటారు, నీ కొడుకు పరీక్షలు చూసుకో" అని తేల్చేసే అవకాశం ఎక్కువ. కూతురు ఏళ్ల తరబడి మోసిన భయాన్ని తల్లి ఎన్నడూ మోయనే లేదు.

ఆ తర్వాతే అభ్యాసం. నేను మేనమామను, ఆమె ఆమే. మొదటిసారి ఆమె ఆరు కారణాలు చెబుతారు: కొడుకు పరీక్షలు, నీళ్ల ఇబ్బంది, భర్త నైట్ డ్యూటీ... మేనమామ పాత్రలో ఉన్న నేను ఒక్కొక్కదానికీ సమాధానం చెబుతాను. "మేము హాల్లో పడుకుంటాంలేమ్మా, నీళ్లు పొదుపుగా వాడతాం." కారణం ఎన్ని చెబితే ఎదుటివారికి అన్ని పట్టుకొమ్మలు దొరుకుతాయని అప్పుడు ఆమెకే నవ్వు వస్తుంది. తిరిగి తిరిగి చేసి చివరికి మూడు వాక్యాలకు తెస్తాం. "ఈసారి మా ఇంట్లో కుదరదు మామయ్యా. ఆసుపత్రి దగ్గరే గది చూసి పెడతాను. మొదటి రోజు నేనే వచ్చి డాక్టరుకు చూపిస్తాను." కాదనడం ఉంది, సాయం ఉంది, సంజాయిషీ లేదు. ఇది ఆమె ఇంటికీ ఆమె మామయ్యకూ సరిపోయే మాట. అమెరికా పుస్తకాల్లోని నిక్కచ్చి వాక్యాలను తెచ్చి మన మేనమామలకు అప్పజెబితే కొంపలు అంటుకుంటాయి. మన కుటుంబాలు తెలిసిన కౌన్సెలర్ కావాలని నేననేది ఇందుకే.

మీ అప్పు విషయంలోనూ దారి ఇదే. డబ్బు ఎలా వసూలు చేయాలన్నది నా పరిధి కాదు. "అడిగితే ఏమవుతుందని అనుకుంటున్నారు? అడగకపోవడం వల్ల ఎవరి ముందు ఏ పేరు నిలుపుకుంటున్నారు?" అన్నది పరిధిలో ఉంది.

మాట్లాడినంతమాత్రాన మారుతుందా అన్న అనుమానం సహజం. దీని మీద పరిశోధనలు ఉన్నాయి, వాటిని ఉన్నంతవరకే చెబుతాను. 2007లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగ్‌తో ఒక పరీక్ష చేసింది. కోపం, భయం కనబడే ముఖాల ఫోటోలు చూపించి ఆ భావానికి పేరు పెట్టమన్నప్పుడు, భయాందోళనలకు స్పందించే అమిగ్డలా అనే భాగంలో అలజడి తగ్గింది. భావానికి మాట దొరికితే దాని పదును కొంత మొద్దుబారుతుందన్నమాట. అంతకు చాలా ముందు, 1986లో, జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ కళాశాల విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, జీవితంలో తమను బాగా కలతపెట్టిన సంఘటన గురించి రాయించారు. జరిగినదాన్నీ అప్పటి భావాలనూ కలిపి రాసినవారు రాసిన వెంటనే మరింత దిగులుపడ్డారు, కానీ తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. ఆ తర్వాత జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే ఆ ప్రభావం సగటున చిన్నదేనని తేలింది. చిన్నదైనా పైసా ఖర్చు లేనిది. ఫీజు కట్టే ముందు మీరూ నాలుగు రోజులు రాసి చూడవచ్చు. తీరని పెద్ద గాయం ఏదైనా ఉంటే మాత్రం దాన్ని ఒంటరిగా కెలకవద్దు.

కౌన్సెలింగ్ ఎప్పుడు ఫలిస్తుందన్నదానికి ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో చెప్పిన మాట నాకు ఇప్పటికీ పనికివస్తోంది. ఇద్దరి మధ్య నమ్మకం, ఎక్కడికి చేరాలన్నదాని మీద ఏకాభిప్రాయం, అందుకు ఏమి చేయాలన్నదాని మీద ఏకాభిప్రాయం, ఈ మూడూ కుదరాలి. మన దగ్గర మొదటిది కుదిరితే చాలనుకుంటారు. "మేడమ్ చాలా మంచివారండీ, రెండేళ్లుగా వెళ్తున్నాను" అంటారు. ఏమి మారిందంటే చెప్పలేరు. వారం వారం వెళ్లి మనసులోది కక్కి తేలికపడి వచ్చి, మళ్లీ వారం నింపుకోవడం ఒక అలవాటుగా మారగలదు. ఒకే బాధను తిరగమోత వేసినట్టు మళ్లీ మళ్లీ వేయించడం వల్ల అది మరింత ముదురుతుంది కూడా. అందుకే మొదటి రోజే నేను అడిగే ప్రశ్న, "ఏమి మారితే మీరు ఇక్కడికి రావడం మానేస్తారు?" సమాధానం దొరకడానికి ఒక్కోసారి రెండు సెషన్లు పడుతుంది. పట్టనివ్వండి.

దానికి తోడు ఒక అంకె అడుగుతాను. సున్నా నుంచి పది దాకా కొలిస్తే మీరిప్పుడు ఎక్కడ ఉన్నారు? "నాలుగు" అంటే, ఎక్కువమంది "ఆరు ఎందుకు కాదు?" అనే తర్వాతి ప్రశ్న కోసం ఎదురుచూస్తారు. అడగాల్సింది "రెండు ఎందుకు కాదు?" అని. అప్పుడు మనిషి తాను ఇప్పటికే చేస్తున్న మంచి పనులను వరసగా చెప్పడం మొదలుపెడతాడు. ఆదివారం ఫోను తీయడం లేదని, గత నెల ఒకసారి కాదన్నానని. ఇలా అంకెలతో అడిగే పద్ధతిని 1980లలో మిల్వాకీలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ దంపతులు బాగా ప్రచారంలోకి తెచ్చారు. పనికివచ్చే ఆలోచనలకు పెద్ద యంత్రాలు అక్కరలేదని ఇది చూస్తే నాకు అనిపిస్తుంది.

ఇక దేనికి పనికిరాదో చెప్పకపోతే ఇది ప్రకటన అవుతుంది. జీతం ఆరు నెలలుగా రాకపోతే కావలసింది కౌన్సెలర్ కాదు, లేబర్ ఆఫీసు. ఇంట్లో చేయిచేసుకోవడం ఉంటే ముందు భద్రత, చట్టం. "మా ఆయన్ను పంపిస్తాను, మార్చి పంపండి" అన్నచోట దాదాపు ఎప్పుడూ ఏమీ జరగదు. తాను కోరుకోకుండా వచ్చిన మనిషి గడియారం చూసుకుంటూ కూర్చుంటాడు. మీరు అడుగుతున్నది మీ కోసమే కాబట్టి ఆ అడ్డంకి మీకు లేదు.

మరో హద్దు ఉంది. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ చెడటం, బతికి ప్రయోజనం లేదన్న ఆలోచనలు ఉంటే అది వ్యక్తిత్వ వికాసం ఊసెత్తే వేళ కాదు. సైకియాట్రిస్ట్‌ను చూడాలి. మందులు అవసరమైతే వాడాలి. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఎవరి దగ్గరకు వెళ్లాలన్నది మన దేశంలో ఇంకా గజిబిజిగానే ఉంది. సైకియాట్రిస్ట్ వైద్యుడు, మందులు రాయగలడు. క్లినికల్ సైకాలజిస్ట్‌కు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. అది 1992 చట్టంతో చట్టబద్ధత పొందిన సంస్థ, నంబరు అడిగితే చూపించాలి. మిగతా సైకాలజిస్టులను, ఇతర మానసిక ఆరోగ్య వృత్తులను నియంత్రించడానికి 2021లో వేరే చట్టం వచ్చింది కానీ, రెండు రోజుల సర్టిఫికెట్ కోర్సు చేసి బోర్డు పెట్టుకున్నవారిని వీధిలో ఇంకా చూస్తూనే ఉన్నాం. కాబట్టి సిగ్గుపడకుండా అడగండి. సైకాలజీలో పీజీ ఎక్కడ చేశారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు, ఇలాంటి సమస్యలతో ఎంతకాలం పనిచేశారు. ఒక్క సిట్టింగ్‌లో మార్చేస్తామనేవారు, ఇరవై సెషన్ల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమనేవారు, వేరే క్లయింట్ల కథలను పేర్లతో సహా చెప్పేవారు, జాతకం కూడా చూస్తామనేవారు, వీళ్ల గుమ్మం దిగి వచ్చేయండి. బంధువుల్లో ఎవరైనా కౌన్సెలర్ ఉంటే వారి దగ్గరకు అసలే వద్దు. వాటా లేని మనిషి కావాలనే కదా ఇంత దూరం వచ్చాం.

ఫీజు విషయానికొస్తే హైదరాబాద్‌లో ముప్పావుగంట నుంచి గంట ఉండే సెషన్‌కు సుమారుగా వెయ్యి నుంచి రెండున్నర వేల దాకా ఉంటుంది, అంతకన్నా ఎక్కువ తీసుకునేవారూ ఉన్నారు. మీవంటి విషయానికి ఆరు నుంచి పది సెషన్లు సరిపోవాలి, అదీ చివరివి రెండు మూడు వారాలకు ఒకసారి. మీ కంపెనీలో ఉద్యోగులకు ఉచిత కౌన్సెలింగ్ సదుపాయం ఉందేమో ముందు చూడండి. పెద్ద కంపెనీలు చాలావరకు బయటి సంస్థ ద్వారా కొన్ని సెషన్లు ఇస్తాయి. ఎవరు వచ్చారో కంపెనీకి తెలుస్తుందా, ఎంతమంది వాడుకున్నారన్న లెక్క మాత్రమే వెళ్తుందా అని మొదటి ఫోనులోనే అడిగి తేల్చుకోండి.

గోప్యత గురించి ఒక మాట. మీరు చెప్పింది గది దాటి పోదు, కొన్ని సందర్భాల్లో తప్ప. ప్రాణాపాయం ఉంటే, కోర్టు ఆదేశిస్తే, పిల్లల మీద లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే చెప్పక తప్పదు. ఆ చివరిదాన్ని 2012 నాటి పోక్సో చట్టం అందరికీ తప్పనిసరి చేసింది. ఈ మినహాయింపులను మొదటి రోజే మీకు చెప్పని కౌన్సెలర్ పని పద్ధతిగా మొదలుపెట్టలేదని అర్థం.

భార్యకు చెప్పి వెళ్లమంటాను. ఏమి మాట్లాడారో ఆమెకు చెప్పనక్కరలేదు. ఎందుకు వెళ్తున్నారో చెప్పండి, "సాయంత్రం నేను అరుస్తున్నాను కదా, దాని గురించి" అని. దాచి వెళితే ఫోన్‌పే చూసి ఏమేమో ఊహించుకుంటారు, కొత్త గొడవ మొదలవుతుంది. ఆన్‌లైన్ సెషన్ అయితే ఇంట్లో తలుపేసుకోగల గది ఉందో లేదో చూసుకోండి. లేకపోతే పార్కింగ్‌లో కారులో కూర్చుని మాట్లాడేవారు చాలామందే ఉన్నారు, అందులో నామోషీ ఏమీ లేదు. మీరు మనసులో తిట్టుకునే భాష తెలుగు అయితే కౌన్సెలర్ కూడా తెలుగువారైతే మేలు. అమెరికాలో ఉండే తెలుగువారికి ఇది కాస్త కష్టం, అక్కడి లైసెన్సులు రాష్ట్రాల వారీగా ఉంటాయి కాబట్టి పక్క రాష్ట్రంలో ఉన్న తెలుగు కౌన్సెలర్ దొరికినా చూడలేకపోవచ్చు. హైదరాబాద్‌లో మీకు ఆ ఇబ్బంది లేదు.

ఒక్క జాగ్రత్త మీకు ప్రత్యేకంగా చెప్పాలి. మీకు కాదనడం రాదు. కాబట్టి కౌన్సెలర్ నచ్చకపోయినా, వారేమనుకుంటారోనని పది సెషన్లు వెళ్లే ప్రమాదం అందరికన్నా మీకే ఎక్కువ. మూడో సెషన్ చివర పది నిమిషాలు మిగుల్చుకుని, "ఇప్పటివరకు చేసినది నాకు ఇక్కడ ఉపయోగపడింది, ఇక్కడ పడలేదు" అని ముఖాన చెప్పండి. మంచి కౌన్సెలర్ నొచ్చుకోరు, నోట్సు తీసుకుంటారు. నొచ్చుకుని మీకే తప్పు అంటగడితే నాలుగోదానికి అపాయింట్‌మెంట్ తీసుకోకండి.